ఉగ్గు చెంచాకి నిలవాలి

ఉగ్గు ఎలా కాయాలని ఎవరు అడిగినా నేను ముందు చెంచా వంచి చూపిస్తాను. చెంచా పక్కకి వంచితే ఉగ్గు గబుక్కున జారిపోకూడదు, కాసేపు నిలవాలి. నీళ్లలా కారిపోతే పొట్ట నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. ఆరు నెలల బిడ్డ పొట్ట ఎంతని! దాన్ని నీళ్లతో నింపేస్తే ఇక తిండికి చోటెక్కడిది? పలచటి జావే తేలిగ్గా అరుగుతుందని చాలామంది పెద్దవాళ్లు చెప్తారు. నేను ఒప్పుకోను. మా మనవలిద్దరికీ చిక్కగానే కాచి పెట్టాను, చిన్నదానికి ఇప్పుడు తొమ్మిదో నెల.

ఆరు నెలలు నిండాకే మొదలుపెట్టండి. అప్పటికి బిడ్డ మెడ నిలుపుతుంది, ఆనించి కూర్చోబెడితే కూర్చుంటుంది, మన కంచం వైపు చేయి చాపుతుంది. కడుపులో ఉండగా దాచుకున్న ఇనుము కూడా అప్పటికి తరిగిపోతుంది, తల్లిపాలలో ఉండే కాస్త ఇనుము చాలదు. ఆడపిల్లకి అన్నప్రాశన ఐదో నెలలోనే చేయాలని ఇంట్లో పట్టుబడితే, ఏడో నెల కూడా బేసి నెలే కదా, ముహూర్తం అందులో పెట్టించుకోండి.

పొడికి ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, పావు గ్లాసు కందిపప్పు చాలు. విడివిడిగా రెండు మూడు నీళ్లు పోసి కడిగి, వడకట్టి, పాత నూలు పంచె మీద పలచగా పరచండి. గలగలలాడేంతగా ఆరాలి. కొంచెం చెమ్మ మిగిలినా పొడి ముక్కిపోతుంది. తర్వాత మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద దేనికది వేయించండి. బియ్యం తెల్లబడి కాస్త ఉబ్బుతాయి. పెసరపప్పు కమ్మటి వాసన వస్తుంది, రంగు ముదరక ముందే దించేయాలి, మాడితే చేదు. పూర్తిగా చల్లారాక మిక్సీ పట్టి జల్లించండి. కొద్దికొద్దిగా చేసుకుని, తడి తగలని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు మూడు వారాలు బాగుంటుంది.

మొదట బియ్యప్పొడి, పప్పుల పొడులు వేరువేరు సీసాల్లో ఉంచండి. మూడు రోజులు బియ్యప్పొడితోనే, ఆ తర్వాత పెసరపప్పు కలిపి, ఇంకో మూడు రోజులాగి కందిపప్పు. ఏదైనా పడకపోతే దేనివల్లో తెలుస్తుంది. ఒంటి మీద దద్దుర్లు, వాంతులు కనిపిస్తే ఆపి డాక్టర్ని అడగండి. పెదవులు వాచినా, ఊపిరి ఇబ్బందిగా తీసినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాచేటప్పుడు రెండు చెంచాల పొడిని చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, అప్పుడు పొయ్యి మీద పెట్టండి. వేడినీళ్లలో వేస్తే ఉండలు తప్పవు. సన్నటి సెగ మీద కలుపుతూ పచ్చివాసన పోయేదాకా ఉడికించండి. గరిటజారుగా ఉన్నప్పుడే దించాలి, చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. దించాక అర చెంచా నెయ్యి. మరీ గట్టిపడితే నీళ్లు పోయకండి, పిండిన తల్లిపాలు కలపండి. మిగిలింది సాయంత్రానికి దాచొద్దు.

ఇక ఉగ్గుగిన్నె. పుట్టింటివాళ్లు పెట్టిన వెండి గిన్నె మీద మమకారం నాకూ ఉంది. కానీ దాని ముక్కులోంచి దిగేది పలచటి జావే. పైగా బిడ్డని కాళ్ల మీద పడుకోబెట్టి నోట్లో పోస్తే పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టండి. పెదవులు బిగించినా, తల తిప్పుకున్నా ఆ పూటకి చాలని అర్థం. ఉమ్మేసిందని టెన్షన్ పడకండి, కొత్త రుచి అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ పెట్టి చూడాలి.

రెండు మూడు చెంచాలతో మొదలై, ఎనిమిదో నెలకి పూటకి అర కప్పు చొప్పున రోజుకి రెండు మూడు సార్లు తింటే బాగా తిన్నట్టే. ఈలోగా ఉడికించి మెదిపిన గుమ్మడి, చిలగడదుంప, చక్రకేళి గుజ్జు, మొలకకట్టి ఆరబెట్టిన రాగుల పిండి ఒక్కొక్కటే అలవాటు చేయండి. ఆకుకూర మెత్తగా ఉడికించి పప్పులో కలిపితే రెండు నిమ్మచుక్కలు పిండండి, ఇనుము బాగా పడుతుంది. బాగా ఉడికిన గుడ్డుని ఏడాది దాకా ఆపక్కర్లేదు. వేరుశనగ కూడా అంతే, కాకపోతే మెత్తటి పొడిగా ఉగ్గులో కలిపి పెట్టాలి. ఒంటి మీద ఎగ్జిమా (చర్మం పొడిబారి ఎర్రబడి దురద పెట్టడం) బాగా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టర్ని అడగండి.

ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, బెల్లం వద్దు. అన్నప్రాశన నాడే ఆవకాయ పెట్టినట్టు మన నాలుక రుచులు వాళ్లకి రుద్దకండి. తేనె నాలుకకి రాయడం కూడా వద్దు. అందులో ఉండే సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగుల్లో విషాన్ని పుట్టిస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. ఆవుపాలు, గేదెపాలు తాగడానికి ఇవ్వకండి. పల్లీలు, ద్రాక్ష గుండ్రంగా ఉన్నవి ఉన్నట్టు చేతికి ఇవ్వొద్దు. దగ్గుతుంటే దగ్గనివ్వండి. గొంతుకి అడ్డంపడి శబ్దం రాకుండా నీలంగా మారితే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద ఐదుసార్లు చరచండి, పక్కవాళ్ళని 108కి ఫోన్ చేయమనండి.

తొమ్మిదో నెలకి మిక్సీ మానేసి వేళ్లతో మెదపండి, పలుకు తగిలితేనే నమలడం వస్తుంది. ఏడాది దగ్గరపడేసరికి ఉప్పుకారాలు వేయకముందే ఇంటి పప్పు కొంచెం పక్కకి తీసి, మెత్తటి అన్నంలో కలిపి పెట్టొచ్చు. తల్లిపాలు మాత్రం రెండేళ్ల దాకా మానొద్దు.