బిడ్డ చదువు, కొడుకు చదువు: ఒకే కాగితం మీద లెక్క

"మాకు ఇద్దరూ ఒకటే" అనని తల్లిదండ్రులు తక్కువ. ఆ మాట నిలుస్తదో లేదో పదో తరగతి ఫలితాలకు ముందే తేల్చాలి. బిడ్డను ఇంటర్‌లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్)లో చేర్పిస్తే ఇంజినీరింగ్, మెడిసిన్ దారి అక్కడే మూసుకుపోతుంది. ఈ లెక్క ఇంట్లో పెద్దక్క తీసినా, బడి టీచర్ తీసినా సరే.

తెల్లకాగితాన్ని నిలువునా మడవండి. ఒక వైపు కొడుకు, ఇంకో వైపు బిడ్డ. ఫీజు, ట్యూషన్, ఫోన్ ఖర్చు రాయండి. తర్వాత సాయంత్రం 6 నుంచి 9 దాకా ఎవరు పుస్తకం పట్టారు, ఎవరు బోళ్లు తోమారు అని వారం రోజులు నిమిషాలతో సహా రాయండి. ఫీజులో దొరకని తేడా ఇక్కడ దొరుకుతుంది.

తల్లినీ తండ్రినీ విడివిడిగా అడగండి. "ఎంతదాక చదివిస్తరు?" అంటే "అది చదివినంత" అంటారు, దాంతో ఏమీ తేలదు. "బాసర ట్రిపుల్ ఐటీల సీటొస్తే ఆరేండ్లు హాస్టల్ల ఉంచుతరా?" అనండి. కొడుక్కి "ఎందుకుంచం", బిడ్డకు "చూద్దాం" అని వస్తే అడ్డం పడేది దూరమా, పైసలా, పెండ్లా అని విడదీయండి.

దూరమైతే, 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి చార్జీ అడ్డం కాదు. పరకాల, నర్సంపేట దిక్కు ఊరైతే హన్మకొండలో కాలేజీ వదిలే వేళ, చివరి బస్సు వేళ పక్కపక్కన రాయండి. కుదరకపోతే హాస్టల్ మాటే ఎత్తండి. "రోజూ వచ్చిపోతదిలే" అని సర్దితే చలికాలంలో తొందరగా పొద్దుగూకంగానే మానిపించే మాట లేస్తుంది.

పైసలైతే, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఎండాకాలంలోనే మీసేవలో తీసుకోండి. ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్) దరఖాస్తు ఆగేది ఎక్కువగా పేరు దగ్గరే: పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొకటి. మెమోలో ఉన్నట్టే ఆధార్ దిద్దించండి. డిప్లొమా, ఇంజినీరింగ్ చదివే ఆడపిల్లలకు ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు; కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటొద్దు. ఆడపిల్ల పేరున తెరిచే సుకన్య పొదుపు ఖాతాను చాలామంది పెండ్లి పైసలనుకుంటారు. పది పాసయ్యాక చదువు కోసం అందులో సగం దాకా తీసుకోవచ్చు.

అన్నిటికంటే గట్టి ముడి పెండ్లిదే. "ఎక్కువ చదివితే అంతకన్న ఎక్కువ చదివిన పిలగాన్ని తేవాలె, కట్నం పెరుగుతది" అంటారు. వాదించకండి. నాలుగేండ్ల చదువు ఖర్చు, అనుకుంటున్న కట్నం తండ్రి చేతనే ఆ కాగితం మీద రాయించండి. ఆ పూట బిడ్డ కూడా పక్కనే కూర్చోవాలి, ఏం చదువుతదో తనే చెప్పాలి.

తేదీ వేసి కాగితం దాచండి. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ దరఖాస్తుకు ముందు మళ్లీ తీయండి.