పాలు పట్టేముందే తేల్చుకోవలసినవి: హెచ్ఐవీ ఉన్న ఇంట్లో పసిబిడ్డ జాగ్రత్తలు

తల్లికి హెచ్ఐవీ ఉంటే బిడ్డకూ ఖాయం అనుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. ఏ మందూ వాడకపోయినా సోకే అవకాశం 15 నుంచి 45 శాతమే. తల్లి వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు సకాలంలో మొదలుపెట్టి మానకుండా వేసుకుంటే అది 5 శాతం లోపుకు దిగుతుంది. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే ఒక శాతం లోపే. సున్నా అని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంట్లో వాదన ఎప్పుడూ తల్లిపాలా, పోతపాలా అన్నదాని మీదే సాగుతుంది. అంతకంటే ముందు అడగవలసింది ఈ రోజు మాత్ర వేసుకున్నావా అని.

వైరస్ బిడ్డను చేరే సమయాలు మూడు: గర్భంలో ఉండగా, కాన్పులో, పాలు తాగేటప్పుడు. తండ్రి నుంచి బిడ్డకు నేరుగా రాదు. అలాగని తండ్రి పక్కకు తప్పుకుంటే కుదరదు. మొదటి పరీక్షలో ఏమీ లేని తల్లికి గర్భంతో ఉండగానో, పాలిచ్చే రోజుల్లోనో కొత్తగా సోకితే, అప్పుడు ఆమె రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. బిడ్డకు అంతకు మించిన ముప్పు లేదు. అందుకే తండ్రికీ పరీక్ష చేయించాలి, ఉంటే మందులు వాడాలి, ఆ నెలలన్నీ కండోమ్ వాడాలి, తల్లికి పరీక్ష మళ్ళీ చేయించాలి.

ఇక పాల సంగతి. కాన్పుకు ముందే డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి. నొప్పుల మధ్య తీసుకునే నిర్ణయం కాదిది. మందులు వాడుతున్న తల్లి మొదటి ఆరు నెలలు తన పాలు మాత్రమే ఇచ్చి, ఆ తరువాత ఇతర ఆహారంతో పాటు కనీసం ఏడాది, కావాలంటే రెండేళ్ళు, ఆ పైనా కొనసాగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొన్ని దేశాల్లో పోతపాల వైపు మొగ్గుతారు. పోతపాలతో పాల ద్వారా సోకే భయం ఉండదు, నిజమే. కానీ శుభ్రమైన నీరు, రోజూ సరిపడా పాలపొడి, అర్ధరాత్రి రెండింటికి కూడా నీళ్ళు మరిగించి కొలతతో కలిపే మనిషి ఉండాలి. పొడి పొదుపు చేసి పలచగా కలిపిన పాలు, సరిగా కడగని సీసా బిడ్డకు విరేచనాలు తెస్తాయి. వాటితో పోయే ప్రాణాలు తక్కువేమీ కాదు.

తల్లిపాలు ఎంచుకుంటే ఆరు నెలలు అవే. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, పాలు చాలడం లేదేమోనని పెద్దవాళ్ళు జాలితో చెంచాడు నీళ్ళో, వేరే పాలో నోట్లో పోస్తారు. అవి లేత పేగు పొరను దెబ్బతీసి వైరస్‌కు దారి ఇవ్వవచ్చు. డాక్టరు రాసిన మందులకు ఇది వర్తించదు. పొరపాటున పోసినా భయపడి పాలు మాన్పించకండి, మాత్రలు ఆపకండి. దాచకుండా డాక్టరుకు చెప్పండి.

చనుమొన పగిలి రక్తం వస్తున్నా, రొమ్ము ఎర్రబడి వాచినా రెండో వైపు పాలు పట్టండి. బాగాలేని వైపు పాలు పిండి పారబోసి, అదే రోజు చూపించుకోండి. బిడ్డ నోట్లో తెల్లని పూత కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించండి.

పుట్టిన కొన్ని గంటల్లోనే బిడ్డకు ముందుజాగ్రత్త మందు మొదలుపెడతారు. సాధారణంగా ఆరు వారాలు. తల్లి చికిత్స ఆలస్యమై ఉంటే ఇంకా ఎక్కువ కాలం. చెంచాతో అంచనాగా కాక, ఇచ్చిన సిరంజితో కొలిచి పట్టండి.

నాలుగు నుంచి ఆరు వారాల మధ్య చేసే పరీక్ష వైరస్‌నే నేరుగా వెతుకుతుంది. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను చూసే మామూలు పరీక్షలో ఏడాదిన్నర లోపు పాజిటివ్ వస్తే కుంగిపోకండి, అవి తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కావచ్చు. పాలు ఒక్కరోజులో మాన్పించకుండా నెల రోజుల మీద మెల్లగా తగ్గించండి. పూర్తిగా ఆపిన మూడు నెలలకు, బిడ్డకు ఏడాదిన్నర కూడా దాటాక, చివరి పరీక్ష చేయించాలి. మధ్యలో వచ్చిన నెగటివ్ కాగితాలు చూసి దాన్ని ఎగ్గొట్టకండి.