వాన కాలువల తనిఖీ సెప్టెంబరులోనే ఎందుకు, ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకే వాన కాలువల్లోకి మురుగు వదిలే అవకాశమున్న షెడ్లు, హోటళ్లు, గ్రానైట్ యూనిట్ల మొదటి విడత తనిఖీ సెప్టెంబరు నెలాఖరుకే ముగించాలి. వాన పడ్డాక వెళ్తే నూనె, బురద కొట్టుకుపోయి, ఎవరు వదిలారో తేలదు.

వార్డు మ్యాపులో కాలువలు గుర్తించుకుని, మెకానిక్ షెడ్లు, వాటర్ సర్వీసింగులు, హోటళ్లు, చికెన్ అంగళ్లు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల జాబితా రాసుకోండి. బట్టల షాపుల జోలికి పోనక్కర్లేదు.

మూడు రోజులుగా చినుకు పడని రోజు చూసుకుని, కాలువ చివరి నుంచి పైకి నడవండి. వాన కాలువలో అప్పుడూ నీళ్లు పారుతుంటే ఎవరో పైపు కలిపారని అనుమానించాలి. ఒక మూత కింద నీళ్లుండి, దానికి ఎగువన ఉన్న మూత కింద లేకపోతే ఆ పైపు ఆ రెండింటి మధ్యే ఉంటుంది. యజమాని ఒప్పుకోకపోతే సర్వీసింగ్ ర్యాంపు తూములో ఫ్లోరసీన్ రంగు కలిపిన బకెట్ నీళ్లు పోసి, కింది మూత దగ్గర ఒకరిని నిలబెట్టండి. పచ్చగా వస్తే ఇక వాదనుండదు. ముందుగా వార్డు సచివాలయంలో చెప్పి ఉంచండి, లేదంటే పచ్చనీళ్లంటూ ఫోన్లు మొదలవుతాయి.

లోపల చూడాల్సింది: 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ము చుట్టూ, నూనె కారినా బయటికి పోకుండా, కనీసం 220 లీటర్లు పట్టే గట్టు. మూడున్నర అడుగుల చదరంలో 9 అంగుళాల ఎత్తు కడితే 260 లీటర్లు పడుతుంది. పైన రేకు లేకపోతే వాననీళ్లతోనే నిండుతుంది. వాటిని వదలడానికి గట్టుకు రంధ్రం పెట్టారంటే కట్టనట్టే లెక్క. హోటల్ గ్రీజు తొట్టిలో (వంటింటి నీళ్లలోని జిడ్డును ఆపే తొట్టి) కర్ర ముంచండి. పైతెట్టు, అడుగు మడ్డి కలిపి లోతులో నాలుగో వంతుకు చేరితే ఆ రోజే తీయించాలి.

చీమకుర్తి, ఒంగోలు వైపు పెద్ద బాధ గ్రానైట్ స్లర్రీ, అంటే రాతిపొడి కలిసిన నీళ్లు. పారేటప్పుడు పాలలా ఉంటుంది, కాలువ అడుగున పేరుకుని ఎండితే పలుగు పట్టాల్సిందే. అక్టోబరుకు ముందే యూనిట్‌లోని స్లర్రీ ట్యాంకు తోడించి, పైన ఒక అడుగైనా ఖాళీ ఉండేలా చూడండి.

కాలువలోకి నేరుగా వదులుతుంటే గడువు ఇవ్వొద్దు, అక్కడికక్కడే ఆపించాలి. కాలుష్యాన్ని నీటిలోకి వదలకూడదనే 1974 జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్‌ను నోటీసులో రాయండి. గట్టు, రేకు లాంటి పనులకు ఏడు రోజులు చాలు. మళ్లీ వెళ్లినప్పుడు మొదటి ఫొటో తీసిన చోటే నిలబడి తీయండి. కోణం మారితే పైపు మూశారో, ముందర డ్రమ్ము అడ్డం పెట్టారో తెలియదు.