నడిస్తే కాళ్ళు లాగి, కూర్చుంటే తగ్గుతోందా? నడుం దగ్గర నరాల దారి ఇరుకై ఉండొచ్చు

అరవై దాటినవాళ్ళు కొద్దిదూరం నడిచేసరికి పిర్రల నుంచి పిక్కల దాకా లాగేస్తోంది, కాళ్ళు బరువెక్కి తిమ్మిర్లు వస్తున్నాయి, కాసేపు కూర్చుంటే మళ్ళీ మామూలే అంటుంటే, వయసైపోయింది కదా అని మాత్రం వదిలేయకండి. నడుం దగ్గర వెన్నులో నరాలు వెళ్ళే దారి ఇరుకై ఇలా అవ్వొచ్చు, దీన్ని లంబార్ కెనాల్ స్టెనోసిస్ అంటారు, ఎక్కువగా ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుంలోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య వస్తుంది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బడం, వెనకున్న లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) మందం అవ్వడం, చిన్న కీళ్ళు అరిగి ఎముక పెరగడం, ఇవన్నీ కలిసి నరాల్ని నొక్కేస్తాయి.

ముందు ఎలా ఉంటే నొప్పి పెరుగుతోందో గమనించండి. నిటారుగా నిలబడితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, ముందుకి వంగితే కాస్త తెరుచుకుంటుంది. అందుకే సూపర్ మార్కెట్లో ట్రాలీ మీద వాలి హాయిగా తిరిగే మనిషి గుళ్ళో క్యూలో కాసేపు కూడా నిలబడలేడు. అలా కాకుండా కూర్చోకపోయినా, ఊరికే ఆగి నిలబడితే చాలు తగ్గిపోతోందంటే కాళ్ళకి రక్తం సరిగా వెళ్ళట్లేదేమో, షుగర్ ఉన్నవాళ్ళూ సిగరెట్ తాగేవాళ్ళూ పాదాల దగ్గర నాడి చూడమని డాక్టర్ని అడగాలి.

ఎంఆర్ఐ రిపోర్ట్ చూసి కంగారు పడొద్దు, ఏ నొప్పీ లేని పెద్దవాళ్ళ స్కాన్లో కూడా ఇరుకు కనిపిస్తుంది, కాబట్టి లక్షణాలకీ స్కాన్‌కీ పొంతన కుదిరితేనే దానికి విలువ.

నడుంనొప్పి అనగానే యూట్యూబ్ చూసి భుజంగాసనం మొదలుపెట్టేస్తారు, ఈ జబ్బులో వెనక్కి వంగడం చాలామందికి నొప్పి పెంచుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ఛాతీ వైపు లాక్కోవడం, పొట్ట కండరాలు బిగించే ఎక్సర్‌సైజులు, కదలని సైకిల్ తొక్కడం మంచివి, కాకపోతే ఎముకలు గుల్లబారినవాళ్ళు ఫిజియోథెరపిస్ట్‌ని అడక్కుండా వంగే ఎక్సర్‌సైజులు చేయొద్దు. నడక మానకండి, నొప్పి రాకముందే కూర్చుని మళ్ళీ నడవండి. వంట చేసేటప్పుడు ఒక కాలు చిన్న పీట మీద పెట్టుకుంటే నడుంకి సుఖంగా ఉంటుంది, పక్కకి తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్లు కొనుక్కుని నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ ఉన్నవాళ్ళకి ఇంకా రిస్క్. నడుంలో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్నాళ్ళు ఉపశమనం ఇస్తుంది కానీ ఇరుకు పోదు, షుగర్ కూడా పెరుగుతుంది.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం పడిపోతున్నా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకుండా ఈడుస్తున్నా ఒక్క పూట కూడా ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

ఇవన్నీ చేసినా నడక తగ్గిపోతుంటే ఆపరేషన్ గురించి ఆలోచించొచ్చు. నరాల మీద ఒత్తిడి తీసే డీకంప్రెషన్ సర్జరీ ముఖ్యంగా కాళ్ళ నొప్పికి పనిచేస్తుంది, నడుంనొప్పి పూర్తిగా పోతుందని ఆశించకూడదు. రాడ్లు, స్క్రూలు వేస్తామంటే "ఎందుకండీ, ఎముక జారిందా, కదులుతోందా" అని తప్పకుండా అడగండి, ఎందుకంటే 2016లో వచ్చిన స్వీడన్ స్టడీలో రెండేళ్ళ తర్వాత చూస్తే డీకంప్రెషన్‌తో పాటు ఫ్యూజన్ (వెన్నుపూసల్ని కలిపి బిగించడం) కూడా చేసినవాళ్ళకి అదనంగా లాభమేమీ కనిపించలేదు.