ఇళ్లు చూడ్డం మొదలెట్టేముందే హోమ్ లోన్ ప్రీ-అప్రూవల్ ఎలా తెచ్చుకోవాలి?

చాలామంది ముందు ఇల్లు చూస్తారు, నచ్చేస్తుంది, అడ్వాన్స్ ఇచ్చేస్తారు, ఆ తర్వాత బ్యాంకుకి పరిగెడతారు. మేమూ మొదటిసారి అదే చేశాం, తీరా చూస్తే బ్యాంకు వాళ్లు మేం అనుకున్నదానికన్నా బాగా తక్కువ ఇస్తామన్నారు, ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కి రాబట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఫోన్‌కి "మీకు లోన్ ప్రీ-అప్రూవ్ అయింది" అని మెసేజ్‌లొస్తాయి చూడండి, అవి లెక్కలోకి రావు, ఉత్త ప్రకటనలు. బ్యాంకు మీ కాగితాలన్నీ చూసి ఇంతవరకు ఇవ్వగలం అని రాసిచ్చే లెటరే అసలు ప్రీ-అప్రూవల్.

మొదట మీ క్రెడిట్ రిపోర్ట్ తీయండి, అంటే మీరు తీసుకున్న లోన్లు, వాటిని కట్టిన తీరు చూపించే రిపోర్ట్. స్కోర్ ఒక్కటే చూసి మూసేయకుండా కిందున్న లోన్ల లిస్టు కూడా చదవండి, ఎప్పుడో తీర్చేసింది ఇంకా బాకీ ఉన్నట్టే కనిపించొచ్చు, అది సరిచేయించడానికి వారాలు పట్టొచ్చు.

తర్వాత ఈఎంఐ లెక్క. 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకి తీసుకుంటే లక్షకి నెలకి దాదాపు 900 పడుతుంది. నెలనెలా మీరు ఎంత ఈఎంఐ కట్టగలరో చూసే బ్యాంకు లోన్ ఇస్తుంది కాబట్టి ఇదే లెక్క తిరగేయండి, ఇప్పటికే కారు లోన్‌కి నెలకి 9,000 కడుతున్నారంటే మీకు రావాల్సిన హోమ్ లోన్‌లో ఓ 10 లక్షలు ఆ కారెక్కి తిరుగుతున్నట్టే! కాబట్టి త్వరగా అయిపోయే లోన్లుంటే ముందే తీర్చేయండి, అలాగని డౌన్ పేమెంట్‌కి దాచింది ఊడ్చిపెట్టి మాత్రం కాదు.

కాగితాలంటే మామూలే, ఐడీ, శాలరీ స్లిప్పులు, టాక్స్ రిటర్న్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, సొంత వ్యాపారమైతే రెండు మూడేళ్ల లెక్కలు. స్టేట్‌మెంట్‌లో ఉన్నట్టుండి పెద్ద మొత్తం పడితే ఎక్కడిదని అడుగుతారు, మా అన్నయ్య సర్దిన డబ్బుకి ఆయనతో లెటర్ రాయించి ఇవ్వాల్సొచ్చింది మేము.

అప్లై చేసేది రెండు మూడు చోట్ల, అదీ దగ్గర దగ్గర రోజుల్లోనే, ఎందుకంటే ప్రతి అప్లికేషనూ రిపోర్ట్‌లో ఎంక్వైరీగా పడుతుంది, నెలల తరబడి పడుతూ ఉంటే వీళ్లకి ఎవరూ ఇవ్వట్లేదేమో అనుకుంటారు. వడ్డీ ఫిక్స్‌డా (మారనిదా) ఫ్లోటింగా (మారుతూ ఉండేదా), లోన్ రాకపోతే ప్రాసెసింగ్ ఫీజు తిరిగిస్తారా, లెటర్ ఎన్నాళ్లు చెల్లుతుంది, ఇవి మొహమాటం లేకుండా అడగండి. లెటర్‌కి గడువు మామూలుగా కొన్ని నెలలే.

లెటర్ వచ్చాక ఉద్యోగం మారడం, కొత్త ఫోన్ ఈఎంఐలో కొనడం లాంటివి పెట్టుకోకండి, డబ్బు వదిలేముందు వాళ్లు మళ్లీ చెక్ చేస్తారు. లెటర్‌లో అంకె ఎంతో అమ్మేవాళ్లకి చెప్పకండి, రేటు అక్కడికే లాగుతారు.

ఇంకోటి, ఆ లెటర్ మీ గురించి మాత్రమే, ఇంటి గురించి కాదు. ఇంటి కాగితాలు, విలువ బ్యాంకు విడిగా చూస్తుంది, అక్కడ తేడా వస్తే లోన్ ఆగిపోతుంది. అందుకే లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగిచ్చేయాలి అని అగ్రిమెంట్‌లో ఒక లైన్ రాయించాకే డబ్బు చేతిలో పెట్టండి, అప్పట్లో మేం రాయించుకోనిది ఆ లైనే.