రాత్రి ముహూర్తం ఫొటోల్లో గింజలా? ఐఎస్‌ఓ జోలికి వెళ్లే ముందు హిస్టోగ్రామ్ చూడండి

రాత్రి పెళ్లి తీసి ఇంటికొచ్చి ఫొటోలు సిస్టమ్‌లో వేసి చూస్తే పెళ్లికూతురి బుగ్గ మీద, జడ నీడలో, వెనక పందిరి గుడ్డ మీద ఇసుక చల్లినట్టు గింజలు. ఫోన్ చేసి దాదాపు అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఐఎస్‌ఓ ఎంత పెట్టాలి?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "హిస్టోగ్రామ్ చూశావా?" చూడలేదంటారు. ఐఎస్‌ఓ అంటే పడిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. హిస్టోగ్రామ్ అంటే ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్: ఎడమవైపు చీకటి, కుడివైపు వెలుగు. ఏళ్ల తరబడి ఇదే జవాబు వింటున్నాను, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక్క లెక్క. కెమెరాలో వెలుగును పట్టే పలక, అంటే సెన్సర్ మీద వెలుగు చినుకుల్లా పడుతుంది. ఒక చోట సగటున 100 చినుకులు పడితే అందులో హెచ్చుతగ్గు 10 దాకా ఉంటుంది, అంటే పదో వంతు. అదే 10,000 పడితే హెచ్చుతగ్గు 100, అంటే నూరో వంతు. ఆ హెచ్చుతగ్గే మనకు గింజలుగా కనిపిస్తుంది. కాబట్టి వెలుగు తక్కువ పడటమే అసలు జబ్బు.

ఫొటో అంతటా, ముఖం మీద కూడా గింజలు

లెన్స్, షట్టర్ చూడండి. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్‌ను 55 దాకా జూమ్ చేస్తే అపెర్చర్ (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దది) ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ దానికి సుమారు పది రెట్ల వెలుగు ఇస్తుంది. షట్టర్‌ను సాయంత్రం ఫ్లాష్‌తో తీసినప్పటి 1/250 సెకను దగ్గరే వదిలేస్తారు చాలామంది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఇద్దరూ కదలకుండా కూర్చుంటారు, 1/100 చాలు. అక్కడే రెండున్నర రెట్ల వెలుగు దొరుకుతుంది. తలంబ్రాలప్పుడు మాత్రం మళ్లీ 1/250కి వెళ్లాలి.

ఐఎస్‌ఓ తక్కువే, స్క్రీన్ మీద ఫొటో బాగానే ఉంది, ఇంటికొస్తే గింజలు

నన్ను దెబ్బ కొట్టింది ఇదే. తెల్లవారుజామున 2 గంటలు దాటాక ముహూర్తం. గింజలొస్తాయన్న భయంతో ఐఎస్‌ఓ 800 దాటనివ్వలేదు. ప్రతి ఫొటో కెమెరా వెనక చూసుకున్నాను, నిండుగా కనిపించింది. ఇంటికొచ్చి చూస్తే అన్నీ రెండు స్టాపులు చీకటిగా ఉన్నాయి (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). సాఫ్ట్‌వేర్‌లో పైకి లేపగానే గింజలు, నీడల్లో అడ్డగీతలు. మంగళసూత్రధారణ మళ్లీ జరిపించమని ఎవరినీ అడగలేం కదా. ఆ ఆల్బమ్ ఇచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎందుకలా జరిగిందో తర్వాత అర్థమైంది. చీకట్లో మన కంటిపాప విప్పారి ఉంటుంది. అప్పుడు ఆ చిన్న స్క్రీన్ దీపంలా వెలుగుతుంది, చీకటి ఫొటో కూడా బాగున్నట్టే తోస్తుంది. దీనికి తోడు మధుపర్కాలు. వధూవరులిద్దరూ తెల్లబట్టల్లో ఉంటే వెలుగును కొలిచే కెమెరా మీటర్ ఆ తెలుపును బూడిదరంగుకు దించబోతుంది, దాంతో ముఖాలు కూడా చీకటవుతాయి. ఫ్రేమ్‌లో సీరియల్ బల్బులో, వీడియో వాళ్ల లైటో ఉంటే ఇంకా దించుతుంది. కానన్ వాడేవాళ్లు హైలైట్ టోన్ ప్రయారిటీ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి. తెల్లటి చోట్లను కాపాడటానికి అది ఒక స్టాపు తక్కువగా తీసి, నీడలను తర్వాత లేపుతుంది.

స్క్రీన్ బ్రైట్‌నెస్‌ను ఆటోలో వదలకండి, చేత్తో తగ్గించి పెట్టండి. ఫొటోతో పాటు హిస్టోగ్రామ్ కనిపించేలా చేసుకోండి. గుట్టంతా ఎడమ గోడకు ఆనుకుని ఉంటే, స్క్రీన్ ఏం చెప్పినా నమ్మొద్దు, ఆ ఫొటో చీకటిదే. మధుపర్కాలు వేసుకున్న దగ్గర్నుంచి కాంపెన్సేషన్ (మీటర్ చెప్పినదానికంటే ఎంత ఎక్కువ వెలుగుతో తీయాలో చెప్పే సెట్టింగ్) ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 మధ్య ఉంచండి. పూర్తి మాన్యువల్‌లో తీసేవాళ్లు మీటర్ గీతను సున్నా దగ్గర కాకుండా ప్లస్ వైపు నిలపాలి. మరీ తెల్లబడిన చోట్లను మిణికించి చూపే హైలైట్ హెచ్చరికలో బల్బులు, జరీ మెరుపు మిణుకుమంటే పర్వాలేదు. ముఖం, తెల్లబట్ట మిణుకుమంటే మాత్రం తగ్గించండి.

ఆ వెలుగును ముందు అపెర్చర్ నుంచి, తర్వాత షట్టర్ నుంచి తీసుకోండి. రెండూ చివరికొచ్చేశాక ఐఎస్‌ఓను 3200కి పెంచడానికి జంకొద్దు. 800లో తీసి రెండు స్టాపులు లేపినా సెన్సర్ మీద పడిన వెలుగు అంతే. కొన్ని కొత్త కెమెరాల్లో రెండూ ఇంచుమించు ఒకేలా వస్తాయి, పాతవాటిలో లేపినదే అధ్వానం. జేపెగ్ అయితే చెప్పక్కర్లేదు, అందులో ఒక్కో రంగుకు ఉండేది 256 మెట్లే. ఇంట్లో ఒక బల్బు కింద, ఒకే అపెర్చర్, ఒకే షట్టర్‌తో రెండు రకాలుగా తీసి చూడండి. మీ కెమెరా సంగతి అక్కడే తేలిపోతుంది.

పసుపు బల్బుల కింద నీలం, ఊదా మచ్చలు

ఆ వెలుగులో నీలం చాలా తక్కువ. వైట్ బ్యాలెన్స్ సరిచేసేటప్పుడు ఆ కాస్త నీలాన్నే సాగదీస్తాం, దానితో పాటు గింజలూ సాగుతాయి. రా ఫైల్‌లో (కెమెరా దిద్దకుండా దాచే అసలు ఫైల్) తీసి, రంగును పూర్తిగా తెలుపుకు లాగకుండా కొంచెం వెచ్చగానే వదిలేయండి. పెళ్లి ఫొటోకు అదే అందం కూడా.

షార్పెనింగ్ పెంచాకే గింజలు తేలితే పదునును అంచులకే పరిమితం చేసే మాస్కింగ్ స్లైడర్ వాడండి. చుక్కలు ప్రతి ఫొటోలో సరిగ్గా ఒకే చోట ఉంటే అవి హాట్ పిక్సెల్స్, అంటే సెన్సర్‌లోని లోపమున్న చుక్కలు. పెళ్లిళ్లలో తీసే షట్టర్ వేగాలకు అవి అరుదు, వాటి గురించి టెన్షన్ వద్దు.

లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిస్ (గింజలు తీసేసే టూల్) నిజంగా బాగుంటుంది. కానీ పూర్తిగా తోసేస్తే చర్మం ప్లాస్టిక్ అవుతుంది, పట్టుచీర నేత చెరిగిపోతుంది. నేను సగం దాటను.

మధుపర్కాలు కట్టుకుని ఇద్దరూ పీటల మీద కూర్చోగానే ఒక్క ఫొటో తీసి హిస్టోగ్రామ్ చూడండి. అప్పటికి మంగళసూత్రధారణకు ఇంకా టైం ఉంటుంది, తప్పుంటే సరిదిద్దుకోవచ్చు.