ఫైలు ఆగితే ఎవరిని అడగాలి? గవర్నమెంటు ఆఫీసులో ఒక దారి, ప్రైవేటు కంపెనీలో ఇంకో దారి

పొలం హద్దులు కొలవమని ఎఫ్-లైన్ పిటిషన్ పెట్టి మూడు నెలలైంది అనుకుందాం. సర్వేయర్‌ని అడిగితే ఆఫీసులో సంతకం కాలేదంటాడు, ఆఫీసులో అడిగితే సర్వేయర్ రిపోర్టు రాలేదంటారు. ఇంకోపక్క ఇంటి లోను మొత్తం కట్టేసినా ప్రైవేటు బ్యాంకు దస్తావేజులు ఇవ్వకుండా తిప్పుతోంది. తిరగడం రెండుచోట్లా ఒకటే. పట్టుకోవాల్సిన కొస మాత్రం వేరు. గవర్నమెంటు ఆఫీసులో ఆ ఫైలు చూసే హక్కు మీకుంది, సమాచారం ఇవ్వడంలో ఆలస్యానికి జరిమానా పడితే అది ఒక అధికారి సొంత జేబులోంచి పోతుంది. ప్రైవేటులో ఫైలు చూపించరు, గుమాస్తా ఎవరో కూడా తెలియదు. డబ్బు మాత్రం కంపెనీ నుంచి రాబట్టవచ్చు.

ముందు ఆఫీసు సంగతి. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. ఆఫీసు గోడ మీద పౌర సమాచార అధికారి, అప్పిలేట్ అధికారి ఎవరో బోర్డు ఉండాలి. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. దరఖాస్తు హోదా పేరిట రాయండి, మనిషి పేరిట వద్దు. పేరు రాస్తే, ఆయన బదిలీ అయ్యాడన్న సాకుతో కవరు వెనక్కి రావచ్చు.

తెల్లకాగితం చాలు. ఇలా రాయండి:

"విషయం: సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. నా ఎఫ్-లైన్ అర్జీ (నంబరు, తేదీ, గ్రామం, సర్వే నంబరు)కు సంబంధించి:
1. అర్జీ అందిన రోజు నుంచి ఇప్పటివరకు ఏ తేదీన ఏ హోదా ఉద్యోగి దగ్గరకు వెళ్లిందో తెలిపే రిజిస్టరు పేజీల నకళ్లు.
2. ఫైలులోని నోట్ షీట్లు, ఉత్తర ప్రత్యుత్తరాల ధ్రువీకరించిన నకళ్లు.
3. నా అర్జీ తర్వాత అందిన ఎఫ్-లైన్ అర్జీల జాబితా, వాటిలో పూర్తయినవి, పూర్తయిన తేదీలు.
4. ఈ సేవకు సిటిజన్ చార్టర్‌లో పెట్టిన గడువు ఉన్న పేజీ నకలు.
5. ఈ కాలంలో ఆ సీటులో పనిచేసిన ఉద్యోగుల పేర్లు, హోదాలు, వారి విధులు."

అసలు పదును మూడో ప్రశ్నలో ఉంది. "పని ఒత్తిడి ఎక్కువ" అనే జవాబు మొదటి ప్రశ్నకు సరిపోతుందేమో గాని, మీ వెనకాల వచ్చిన అర్జీ ముందు ఎలా తెమిలిందన్న దానికి సరిపోదు.

"నా పని ఎందుకు ఆపారు?" అని మాత్రం రాయకండి. దరఖాస్తులు వీగిపోయేది ఎక్కువగా ఇక్కడే. రికార్డులో ఉన్నది ఇస్తే చాలు, లేని సమాచారాన్ని తయారుచేసి, అభిప్రాయాలు రాసి ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో చెప్పింది. "ఎందుకు" అని రాసిన చోటల్లా "ఏ కాగితం" అని మార్చుకోండి. సర్వేయర్ ఆస్తులు, ఆయనకిచ్చిన మెమోలు, రహస్య నివేదికలు అడిగినా లాభం లేదు. 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో అవి వ్యక్తిగత సమాచారమని తేల్చారు, 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ తలుపును ఇంకా బిగించింది. జీతం సంగతి వేరు. ప్రతి ఉద్యోగి నెల జీతాన్ని ఆఫీసు తనంతట తానే ప్రకటించాలని సెక్షన్ 4(1)(బి) చెబుతోంది.

ఫీజు తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసులో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. కోర్టు ఫీ స్టాంపు అతికించడం తేలిక. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు రేషన్ కార్డు నకలు జతచేస్తే ఫీజు అక్కర్లేదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తపాలు గుమాస్తా తీసుకోనంటే వాదన వద్దు, అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్ట్ చేయండి.

ఆ ముద్ర పడిన రోజు నుంచి జవాబుకు 30 రోజులు. సహాయ పౌర సమాచార అధికారికి ఇచ్చి ఉంటే ఇంకో 5 రోజులు కలపాలి. "ఇది మా దగ్గర లేదు" అని చేతులు దులుపుకోవడం కుదరదు. ఉన్న ఆఫీసుకు 5 రోజుల్లో వాళ్లే పంపి మీకు తెలపాలి, అది సెక్షన్ 6(3). నకళ్లకు ఇంత కట్టండని గడువులోగా ఉత్తరం వస్తే, ఆ ఉత్తరం పంపినప్పటి నుంచి మీరు కట్టేదాకా రోజులు లెక్కలోకి రావు. అందుకే వెంటనే కట్టండి. 30 దాటాక డబ్బు అడిగితే కట్టక్కర్లేదు, సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా ఇవ్వాలి. ఈ నంబరు గుర్తుండని వాళ్లు చాలామంది అనవసరంగా కట్టేస్తుంటారు.

జవాబు రాకపోయినా, తప్పించుకునే జవాబు వచ్చినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. అది పై అధికారి బల్ల మీదకు వెళుతుంది. పని జరిగేది కూడా చాలావరకు ఇక్కడే, ఎందుకంటే కింది ఆఫీసు జాప్యం పైవాడి కంట్లో పడుతుంది. ఆయన 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 లోపు తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఏపీకి, తెలంగాణకు కమిషన్లు వేరు. అప్పీలులో "సెక్షన్ 20(1) కింద జరిమానా, 19(8)(బి) కింద నాకు నష్టపరిహారం" అని విడివిడిగా కోరండి. జరిమానా రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠం 25,000. అది మీకు రాదు, మీకు వచ్చేది పరిహారం ఒక్కటే.

ఇక బ్యాంకు. లోను పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు ఇవ్వాలని, తప్పు తమదైతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు రుణగ్రహీతకు కట్టాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం. ఇది 2023 డిసెంబరు 1 నుంచి వర్తిస్తుంది. 250కి, 5,000కి తేడా చూడండి. మరి దీన్ని రాబట్టాలంటే ముందు లోను ముగిసినట్టు లెటరు తీసుకోండి, తేదీ అక్కడే తేలుతుంది. తర్వాత బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాసి ఫిర్యాదు నంబరు పట్టండి. కౌంటరులో గొడవపడితే నంబరు రాదు, నంబరు లేకపోతే అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అధికారి) దగ్గర నిలబడదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో వేయండి, ఖర్చేమీ లేదు. మిగతా ప్రైవేటు సేవలకైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఉచితంగా అందే ప్రభుత్వ సేవ మీద మాత్రం అక్కడికి వెళ్లలేరు.

ప్రైవేటు సంస్థకు సమాచార హక్కు దరఖాస్తు పెడితే చెత్తబుట్టలోకి పోతుంది. దొడ్డిదారి ఒకటుంది. ఏదైనా చట్టం కింద ప్రభుత్వ శాఖ ఆ సంస్థ నుంచి తెప్పించుకోగల సమాచారం కూడా సెక్షన్ 2(ఎఫ్) కిందికి వస్తుంది. ప్రైవేటు స్కూలు గుర్తింపు కాగితాలు, తనిఖీ రిపోర్టులు జిల్లా విద్యాశాఖాధికారి ఆఫీసులో అడగండి. ఫ్యాక్టరీ అనుమతి షరతులు కాలుష్య నియంత్రణ మండలిలో దొరుకుతాయి. కాంట్రాక్టరు మీ పీఎఫ్ జమచేశాడో లేదో పీఎఫ్ ఖాతాలు చూసే ఈపీఎఫ్ఓను అడగండి. ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఆపరేటరు దగ్గర పని ఆగితే ఏజెన్సీ చుట్టూ తిరగొద్దు. ఒప్పందం, చెల్లించిన బిల్లులు ఆ శాఖ దగ్గరే ఉంటాయి.

లంచం అడిగితే దారి మారుతుంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చి ఉంటే 7 రోజుల్లో పోలీసులకో ఏసీబీకో (అవినీతి నిరోధక శాఖ) చెప్పాలి. ఇవ్వకముందే చెప్పడం మేలు, తెలంగాణ ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి ఈ చట్టం మామూలుగా వర్తించదు గాని, ప్రైవేటు బ్యాంకుల వాళ్లు ఇందులోకి వస్తారు. బ్యాంకింగ్ చట్టం సెక్షన్ 46ఏ ఆధారంగా వాళ్లనూ పబ్లిక్ సర్వెంట్లుగానే చూడాలని 2016లో సుప్రీంకోర్టు రమేశ్ గెల్లీ కేసులో చెప్పింది.